దంతకథ కాని దంతాల కథ

పెళ్లికో గృహప్రవేశానికో వెళ్లేటప్పుడు కవరులో 51 డాలర్లో 101 డాలర్లో పెట్టి చదివించడం మనవారి ఆనవాయితీ. ఆ చివరి ఒక్క డాలరు నోటు కోసం ఇల్లంతా వెదకని తెలుగు కుటుంబం అమెరికాలో అరుదు. అంత శ్రమపడి సంపాదించిన నోటు మీది జార్జి వాషింగ్టన్ ముఖాన్ని మాత్రం మనం నిదానించి చూడం. చూస్తే, పెదవులు గట్టిగా బిగించి, ఏదో పుక్కిట పట్టిన మనిషివలె కనిపిస్తారాయన. 1796లో గిల్బర్ట్ స్టూవర్ట్ చిత్రించిన రూపం ఆధారంగా వేసిన బొమ్మ అది. ఆ పెదవుల వెనుక ఉన్నవి కట్టుడు పళ్లు.

వాషింగ్టన్‌వి కొయ్యపళ్లని ఈ దేశంలో పిల్లలందరూ చెప్పుకుంటారు. అది అన్ని అర్థాల్లోనూ దంతకథ. ఆయన వాడిన కట్టుడు పళ్లలో నీటిగుర్రపు దంతం ఉంది, సీసం ఉంది, ఇత్తడి ఉంది, సాటి మనుషుల పళ్లు కూడా ఉన్నాయి, కొయ్య లేదు. 1756లో, 24 ఏళ్ల వయసులో, 5 షిల్లింగులిచ్చి మొదటి పన్ను తీయించుకున్నారు. 1789 ఏప్రిల్ 30న న్యూయార్కులో అధ్యక్షునిగా ప్రమాణం చేసేనాటికి నోట్లో మిగిలిన సొంత పన్ను ఒక్కటే. అది కూడా కొన్నేళ్లకు పోయింది. యుద్ధరంగంలో ఎవరికీ జంకని ఆ సేనాని, 1798లో తన దంతవైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్‌కు రాసిన లేఖలో కట్టుడు పళ్లు తన పెదవులను ముందుకు నెట్టేస్తున్నాయని వాపోయారు. ఆయన ఎస్టేటు మౌంట్ వెర్నాన్ లెక్కల పుస్తకంలో 1784 మే నెల కింద ఒక పద్దు ఉంది: 9 పళ్ల నిమిత్తం నల్లజాతివారికి చెల్లించిన 6 పౌండ్ల 2 షిల్లింగులు. ఒకరి నోరు నిండడానికి ఇంకొకరి నోరు బోసిపోవడమంటే ఏమిటో ఆ ఒక్క పద్దు చెబుతుంది.

ఒక దేశాధినేత తినే తిండిని, మాట్లాడే మాటను, నలుగురిలో నిలబడే తీరును పళ్లు అంతగా శాసించాయి. సామాన్యుల సంగతి చెప్పనక్కరలేదు. అయినా పంటి బాధను చిన్న బాధగా చూడడం రెండు దేశాల్లోనూ అలవాటైపోయింది. ఆ అలవాటు వెనుక చరిత్ర ఉంది. దాని భారాన్ని ఇవాళ అమెరికాలోని మన ఇళ్లలో పెద్దవాళ్లు మోస్తున్నారు.

మన సంప్రదాయంలో నోటికి గౌరవం లేకపోలేదు. సుశ్రుతుడు ముఖరోగాలను 65గా లెక్కించి, పెదవులు, చిగుళ్లు, పళ్లు, నాలుక, అంగిలి, కంఠం, మొత్తం నోరు అని 7 స్థానాలకు పంచాడు. దంతధావనానికి 12 అంగుళాల పుల్ల ఉండాలన్నాడు. చేదు వాటిలో వేప, వగరు వాటిలో చండ్ర, కారపు వాటిలో కానుగ మేలన్నాడు. మన పల్లెల్లో వేపపుల్ల, కానుగపుల్ల, ఉప్పు, బొగ్గుపొడి, కచ్చిక మొన్నమొన్నటి దాకా నడిచాయి. పట్నాల్లో కోతి మార్కు నల్ల పళ్లపొడి వచ్చింది. ముఖం కడగనిదే మంచినీళ్లు కూడా ముట్టని ఇళ్లు మనవి. కానీ ఇదంతా శుభ్రత. వైద్యం వేరు. పన్ను పుచ్చితే లవంగం, కదిలితే దారం, రాలితే ‘వయసైంది’ అన్న మాట. జుట్టు నెరవడం ఎంత సహజమో నోరు బోసిపోవడం అంతే సహజమనుకున్నాం. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని సామెత కట్టిన భాష మనది. కన్ను గురించిగాని కాలు గురించిగాని అంత తేలిగ్గా అనలేదు.

అమెరికాలో పళ్లను దేహం నుంచి విడదీసిన తేదీని దాదాపు చూపించవచ్చు. 1840లో హొరేస్ హేడెన్, చేపిన్ హ్యారిస్ అనే ఇద్దరు వైద్యులు బాల్టిమోరులో దంతవైద్యానికే ప్రత్యేకంగా ఒక కళాశాల స్థాపించారు. ప్రపంచంలో అటువంటిది అదే మొదటిది. అంతవరకు మంగలివాళ్లు, కంసాలులు, ఊరూరా తిరిగే పళ్లు పీకేవాళ్లు చేసిన పనికి శాస్త్ర గౌరవం దక్కింది. అది మేలే. అయితే వైద్యుడు ఒక గుమ్మంలోనూ దంతవైద్యుడు మరొక గుమ్మంలోనూ కూర్చునే పద్ధతి కూడా అక్కడే స్థిరపడింది. ఆ పద్ధతి సముద్రం దాటి మన దేశానికి చేరిన వైనం ముచ్చటైనది. తూర్పు బెంగాలులో పుట్టిన రఫీయుద్దీన్ అహ్మద్ అమెరికాకు వచ్చి, 1915లో అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్య పట్టా పుచ్చుకుని, కొన్నాళ్లు బోస్టనులో పనిచేసి తిరిగి వెళ్లారు. 1920లో కలకత్తాలో భారతదేశపు మొదటి దంతవైద్య కళాశాల తెరిచారు. దాని ఖర్చులకు ఆయన నడిపిన శీతల పానీయాల దుకాణం ఆదుకుంది. ఆ దుకాణం పేరు న్యూయార్క్ సోడా ఫౌంటెన్. పళ్లకు చేటు చేసే తీపి నీళ్ల రాబడితో పళ్ల వైద్యానికి బడి కట్టడం విధి ఆడిన చమత్కారం కాబోలు.

ఇక 1965కు వద్దాం. అమెరికా తెలుగువారి చరిత్ర రాసేవారెవరూ ఆ సంవత్సరాన్ని విడువరు. అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ పాదాల చెంత అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టంపై సంతకం చేశారు. మన డాక్టర్లకు, ఇంజినీర్లకు, శాస్త్రజ్ఞులకు తలుపు తెరిచినది ఆ సంతకమే. అమెరికా పౌరుల తల్లిదండ్రులు సంఖ్యా పరిమితి లేకుండా రావచ్చునన్న వెసులుబాటు కూడా ఆ చట్టంలోనిదే. మన అమ్మమ్మలు, తాతయ్యలు ఈ గడ్డపై అడుగుపెట్టింది ఆ దారినే.

దానికి సుమారు రెండు నెలల ముందు, జులై 30న, అదే జాన్సన్ మిస్సోరి రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణంలో, మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ సమక్షంలో మరొక చట్టంపై సంతకం పెట్టారు. 65 ఏళ్లు దాటినవారికి వైద్య బీమా కల్పించే మెడికేర్ అది. గుండెకు, ఊపిరితిత్తులకు, ఎముకలకు చోటిచ్చిన ఆ చట్టం పళ్లకు మాత్రం చోటివ్వలేదు. పన్ను నింపడం, తీయడం, దాని స్థానంలో మరొకటి పెట్టడం, పన్నును నిలబెట్టే చిగురు వంటి భాగాలకు చికిత్స చేయడం, ఇవన్నీ వర్తించవని పేరుపెట్టి చెప్పింది. కళ్లద్దాలు, చెవి యంత్రాలు కూడా ఆ వర్తించని జాబితాలోనే చేరాయి. ముసలితనంలో మనిషిని మనుషులతో కలిపి ఉంచేవి చూపు, వినికిడి, మాట. ఆ మూడింటికీ కావలసిన సాధనాలనే బయట ఉంచారు. ఒకే కలం రెండు నెలల తేడాతో ఒక తలుపు తెరిచింది, ఇంకొకటి మూసింది. తెరిచిన తలుపులోంచి వచ్చిన పెద్దలే మూసిన తలుపు ముందు నిలబడవలసి వచ్చింది.

ఆ తలుపు ఇప్పటికీ పూర్తిగా తెరుచుకోలేదు. 2000లో సర్జన్ జనరల్ డేవిడ్ సాచర్ నోటి ఆరోగ్యం మీద ఒక సమగ్ర నివేదిక వెలువరించి, నోరు బాగుండనిదే మనిషి ఆరోగ్యవంతుడు కాడని నిర్ద్వంద్వంగా ప్రకటించారు. 2021లో మెడికేరులో దంతవైద్యాన్ని చేర్చాలన్న ప్రతిపాదన కాంగ్రెసులో చర్చకు వచ్చింది కాని చట్టం కాలేదు. 2023 నుంచి కొద్దిపాటి మినహాయింపులు వచ్చాయి: అవయవ మార్పిడికి, గుండె కవాటం మార్పిడికి ముందు నోటిలోని ఇన్ఫెక్షన్ తొలగించవలసి వస్తే ఆ ఖర్చు ఇస్తారు. అంటే పన్ను కోసం పన్నుకు వైద్యం లేదు. గుండె కోసం అయితే ఉంది. పేదలకు ఉద్దేశించిన మెడికెయిడ్‌లో పిల్లల పళ్లకు చికిత్స తప్పనిసరి, పెద్దల పళ్లకు రాష్ట్రాల ఇష్టం. ఇక ప్రైవేటు డెంటల్ బీమా. మామూలు ఆరోగ్య బీమాలో ఏడాదికి రోగి చేతి నుంచి పెట్టవలసినదానికి ఒక హద్దు ఉంటుంది, ఆపైన కంపెనీ భరిస్తుంది. డెంటల్ బీమాలో హద్దు కంపెనీకి. ఏడాదికి వెయ్యి నుంచి 2 వేల డాలర్లు దాటితే తరచుగా ఆపైనదంతా రోగిదే. ఇది బీమాను తలకిందులు చేసి పెట్టినట్టు మాకు తోస్తుంది.

ఖర్చు ఒక్కటే కథ అయితే ఇంత రాయనక్కరలేదు. పళ్ల చరిత్రలో అమెరికాకూ తెలుగు నేలకూ ఒకే మూలకం ద్వారా ముడి పడింది. అది ఫ్లోరైడ్.

1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో వైద్యశాల పెట్టుకున్నాడు. అక్కడ పుట్టి పెరిగినవారి పళ్ల మీద చాక్లెట్ రంగు మరకలుండడం చూసి నివ్వెరపోయాడు. పంది మాంసం ఎక్కువ తినడమో, పాలు మంచివి కాకపోవడమో కారణమని ఊరివాళ్లు అనేవారు. పేరు మోసిన దంతశాస్త్రజ్ఞుడు జి. వి. బ్లాక్ వచ్చి మెకేతో కలిసి పరిశోధించాడు. వాళ్లు రెండు సంగతులు కనిపెట్టారు. శాశ్వత దంతాలు ఏర్పడిన తరువాత ఆ ఊరికి వచ్చినవారికి మరకలు పడవు; మరకలున్న పళ్లు అంత త్వరగా పుచ్చవు. కారణం నీటిలోనే ఉందని మెకే నమ్మాడు గాని ఆ కారణమేదో తేలడానికి 30 ఏళ్లు పట్టింది. 1931లో అల్యూమినియం కంపెనీ అల్కోవా ముఖ్య రసాయన శాస్త్రజ్ఞుడు హెచ్. వి. చర్చిల్, అర్కన్సా రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊరి నీటిని పరీక్షించి, అందులో ఫ్లోరైడ్ విపరీతంగా ఉన్నట్టు తేల్చాడు. ఆపైన ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు ట్రెండ్లీ డీన్ లెక్క కట్టి, లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర ఉంటే మరకలు అంతగా పడవు, పళ్లు కూడా పుచ్చవు అని నిర్ధారించాడు. 1945 జనవరి 25న మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ నగరం ప్రపంచంలో మొట్టమొదటిసారిగా తాగునీటిలో ఫ్లోరైడ్ కలిపింది. ఆ తరువాత పుట్టిన పిల్లల్లో పిప్పిపళ్లు 60 శాతానికి పైగా తగ్గాయి.

చర్చిల్ పరీక్ష జరిగిన ఆరేళ్లకే, 1937లో, షార్ట్, మరి ముగ్గురు వైద్యులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి ఒక పరిశోధన ప్రకటించారు. బావినీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లతో ఆగక ఎముకలు సైతం బిగుసుకుపోతున్న మనుషులను వారు అక్కడ చూశారు. భారతదేశంలో ఫ్లోరోసిస్ వైద్యలోకం దృష్టికి వచ్చింది అలా, మన తెలుగు నేలపైనే. ఆ తరువాత నల్లగొండ పేరు ఆ వ్యాధికి పర్యాయపదమైంది. 1970లలో నాగపూరులోని నీరి సంస్థ పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తీసే తేలిక పద్ధతి రూపొందించింది. ప్రపంచమంతటా దాని పేరు ‘నల్లగొండ పద్ధతి’. ఒక జిల్లా పేరు దాని కష్టం మీదుగా పాఠ్యపుస్తకాలకు ఎక్కడం గర్వించవలసినదో విచారించవలసినదో తెలియదు.

పద్ధతి పుట్టినా నీళ్లు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి చొరవతో నల్లగొండ నియోజకవర్గంలో వందల మంది బాధితులు, రైతులు నామినేషన్లు వేశారు. బరిలో నిలిచినవారు మొత్తం 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా వేయవలసి వచ్చింది. ప్రజాస్వామ్య చరిత్రలో మంచినీళ్లకోసం ఇంత విచిత్రంగా, ఇంత మర్యాదగా చేసిన నిరసన మరొకటి మాకు కనబడదు. ఆ తరువాత కృష్ణా జలాలు పైపుల్లో చేరడం మొదలైంది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ ఆ పనిని విస్తరించింది.

ఇప్పుడీ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే మూలకాన్ని ఇక్కడ కొలిచి కలిపారు, అక్కడ తీయలేక తాగారు. ఇక్కడ 2015లో లీటరుకు 0.7 మిల్లీగ్రాములు చాలునని ప్రమాణం సవరించారు, 2025లో యూటా రాష్ట్రం కలపడాన్నే నిషేధించింది, వాదాలు నడుస్తున్నాయి. మన ఊళ్లలో సురక్షిత పరిమితి 1.5 మిల్లీగ్రాములైతే దానికి కొన్ని రెట్ల నీళ్లు తాగి పెరిగినవారున్నారు. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేలోగా, చిగురు లోపల పన్ను తయారయ్యే కాలంలోనే ఆ ముద్ర పడిపోతుంది. ఊరు మారినా, దేశం మారినా, ఎంత తోమినా పోదు. చిన్ననాడు తాగిన నీళ్ల సంతకాన్ని నలభై ఏళ్ల మనిషి ముఖాన మోస్తాడు.

దానిని తెలియనివారు గారపళ్లంటారు. పొగాకు అంటారు, బద్ధకం అంటారు. పెళ్లిచూపుల్లో పెదవి విప్పని అమ్మాయిలను, ఫోటోలో నోరు మూసుకుని నిలబడే అబ్బాయిలను ఆ ప్రాంతాలవారు ఎరుగుదురు. అమెరికాలో ఈ బరువు ఇంకా పెరుగుతుంది. ఇది పళ్లు కనబడేలా నవ్వడం మర్యాదగా చెల్లే దేశం. ఉద్యోగపు ఇంటర్వ్యూలో, ఆఫీసు సమావేశంలో, పిల్లల బడి దగ్గర నవ్వని మనిషిని ముభావి అనుకుంటారు. చేతిని నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడే అలవాటు సిగ్గు కాదు, బిడియం కాదు. ఒక బావి చరిత్ర.

ఈ రకం నష్టాన్ని కొలవవచ్చునా? 1990లో అమెరికాలో వృద్ధుల కోసం 12 ప్రశ్నల కొలమానం ఒకటి వచ్చింది. 1994లో ఆస్ట్రేలియాలో గ్యారీ స్లేడ్, జాన్ స్పెన్సర్ 49 ప్రశ్నలతో ఇంకొకటి రూపొందించారు. 1997లో స్లేడ్ దానిని 14కు కుదించాడు. ఇవాళ ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది ఆ చిన్నదే. దానిలో ఎన్ని పళ్లు పోయాయని అడగరు. తిండి మధ్యలో ఆపవలసి వస్తోందా, నలుగురిలో ఇబ్బందిగా ఉంటోందా, చిరాకు పెరిగిందా, జీవితం మునుపటి కంటే వెలితిగా ఉందా అని అడుగుతారు. మొట్టమొదటి ప్రశ్న మాత్రం మాట గురించి: పళ్ల వల్లగాని కట్టుడు పళ్ల వల్లగాని ఏదైనా మాట పలకడం కష్టమవుతోందా?

తెలుగువారికి ఆ ప్రశ్న ఇతరులకన్నా లోతుగా తగలాలి. మన వర్ణమాలలో ఒక వరుస వరుసంతా పళ్ల పేరు మీదనే ఉంది. త, థ, ద, ధ, న దంత్యాలు. వకారానికి పన్నూ పెదవీ రెండూ కావాలి. పైగా సంస్కృతంలో లేని దంత్య చకార జకారాలు మన సొత్తు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో వాటికి చోటు ఉంది. చలి, చుక్క, జడ, జొన్న అన్న మాటల్లోని ఆ మెత్తని ధ్వనిని మన మనవలు పుస్తకంలో నేర్వలేరు, లిపిలో ఇప్పుడు దానికి వేరే గుర్తు కూడా వాడుకలో లేదు. పెద్దల నోట విని నేర్వవలసినదే. ముందరి పళ్లు లేని నోట, వదులుగా కదిలే కట్టుడు పళ్ల నోట ఆ ధ్వని గాలిగా జారిపోతుంది. అమ్మ అనడానికి పళ్లక్కరలేదు. పసివాడూ అనగలడు, నూరేళ్ల అవ్వా అనగలదు. తాత అనడానికి కావాలి. ఆదివారం తెలుగుబడిలో ఒక వాచకం కొనడానికి మనం పెట్టే శ్రద్ధలో కొంత, ఇంట్లో ఆ భాషను పలికే నోటి మీద పెట్టామా అంటే సందేహమే. సహస్రనామం కంఠతా వచ్చిన అమ్మమ్మ సత్సంగంలో గొంతు తగ్గించి, తరువాత పెదవులు మాత్రం కదిపి, చివరికి వెనక వరుసలో కూర్చోవడానికి కారణం మోకాళ్ల నొప్పే అనుకుంటాం.

తిండి సంగతి మరీ గుట్టుగా జరుగుతుంది. పంటి కింద నలగనివి ఒక్కొక్కటిగా కంచం వదిలిపోతాయి. మొదట పచ్చికొబ్బరి, జంతిక, సకినం. తరువాత ఆవకాయ బద్ద. ఊట మాత్రం కలుపుకుంటారు. ఆపైన జొన్నరొట్టె, చిక్కుడు, బెండ, పచ్చి క్యారట్టు. మిగిలేది మెత్తటి తెల్లన్నం, పెరుగు, అరటిపండు. షుగరు వ్యాధి ఉన్నవారికి వద్దని వైద్యుడు ఏది చెబుతాడో అదే నోటికి సాధ్యమయ్యేది. షుగరుకూ చిగుళ్ల వ్యాధికీ రాకపోకలు రెండువైపులా ఉంటాయని వైద్యశాస్త్రం స్థిరంగా చెబుతోంది. షుగరు పెరిగితే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగరు అదుపు తప్పుతుంది. మన ఇళ్లలో షుగరు లేని ఇల్లు ఏది? నెలనెలా రక్తపరీక్ష సంఖ్య అడిగే పిల్లలు, నాన్న ఏ వైపు నములుతున్నాడో గమనించరు. రెండు గుమ్మాల వైద్యం మన కళ్లకు కూడా అలవాటైపోయింది.

ఉన్న దారులు ఇవి. దంతవైద్య కళాశాలలున్న నగరాల్లో ఆ కళాశాలల చికిత్సా కేంద్రాలు విద్యార్థుల చేత, ఆచార్యుల పర్యవేక్షణలో, తక్కువ రుసుముకు చికిత్స చేయిస్తాయి. సమయం ఎక్కువ పడుతుంది, ఓపిక కావాలి. రాబడిని బట్టి రుసుము తీసుకునే సామాజిక ఆరోగ్య కేంద్రాలు కొన్నింటిలో దంత విభాగం ఉంటుంది. గ్రీన్‌కార్డుపై ఉన్న 65 దాటిన పెద్దలు 5 ఏళ్లు ఎడతెగక నివసించిన తరువాత రుసుము కట్టి మెడికేరులో చేరవచ్చు కాని, పళ్ల మాట పైన చెప్పినదే. సందర్శనకు వచ్చినవారి ప్రయాణ బీమా చాలావరకు ఉన్నట్టుండి వచ్చిన పంటినొప్పికి కొద్ది మొత్తం ఇచ్చి సరిపెడుతుంది.

మనవారిలో ఎక్కువమంది ఎంచుకునే దారి మరొకటి. ఇండియా వెళ్లినప్పుడు చూద్దాంలే అని వాయిదా వేసి, మూడు వారాల సెలవులో పెళ్లిళ్ల నడుమ పళ్లన్నీ ఒకేసారి తీయించి కట్టుడు పళ్లు వేయించుకుని రావడం. అక్కడి వైద్యుల నైపుణ్యానికి లోటేమీ లేదు. లోటు కాలానిది. పన్ను తీసిన దవడ ఎముక నెలల తరబడి తరుగుతూ పోతుంది. దాన్ని బట్టి కట్టుడు పళ్లను మళ్లీ మళ్లీ సరిచేయాలి. చేసినవాడు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటాడు, పెద్దాయన న్యూజెర్సీలోనో టెక్సాసులోనో ఉంటారు. ఎవరో చేసిన పళ్లను సరిచేయడానికి ఇక్కడివారు తరచుగా వెనుకాడతారు, కొత్తవి చేయించమంటారు. వదులైన పళ్లు చిగురును ఒరుస్తాయి, పుండు పడుతుంది. మరుసటి నెలలో ఎప్పుడో ఆ పలువరుస నీళ్ల డబ్బాలోకి వెళ్లి, ఎవరైనా చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే బయటికి వస్తుంది.